తప్పు పట్టుకున్నందుకు శాలువా

మా మేడం పోయిన మంగళవారం చనిపోయారు. ఆర్మూర్‌లో పుట్టి, డిచ్‌పల్లి దగ్గరి విశ్వవిద్యాలయంలో మాకు జీవశాస్త్రం చెప్పిన మనిషి. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి "అక్క పోయింది బిడ్డా" అనగానే నాకు ముందు గుర్తొచ్చింది మేడం కోపం. "కంప్యూటర్ చెప్పింది మేడం" అని ఎవరన్నా అంటే చాలు, అగ్గి మీద గుగ్గిలమయ్యేవారు.

పసుపు దుంపల్లో, వాటి చుట్టూ ఉండే మట్టిలో బతికే బ్యాక్టీరియా ఆమె లోకం. వాటి డీఎన్ఏలోని ఏ, టీ, జీ, సీ అనే అక్షరాలను పోల్చి, ఏది దేనికి చుట్టమో కంప్యూటర్‌తో వంశవృక్షం గీయించేవాళ్ళం. ఆ లెక్క వెనుక ఉండే సంభావ్యతా మోడళ్ళు కొన్ని సంగతులు ముందే అనుకుంటాయి. ఒక్కో అక్షరం పక్కదానితో సంబంధం లేకుండా మారుతుందని, అన్ని వంశాల్లోనూ అక్షరాల పాళ్ళు ఒకటేనని. "అనుకున్నది నిజం కాకున్నా అది జవాబు చెప్తది. మస్తు ధైర్యంగ చెప్తది" అని మేడం నవ్వేవారు. "మన మార్కెట్ల పసుపు కుప్ప పైపైన చూసి ధర చెప్తరా? అడుగుల చెయ్యి పెట్టి, కొమ్ము విరిచి చూస్తరు. మీరు గూడ గట్లనే చూడుర్రి."

ఒకసారి ఆర్మూర్ మట్టిలోని రెండు బ్యాక్టీరియాలు తోబుట్టువులని, అలాంటి వంశం మరెక్కడా లేదని మా వృక్షం చెప్పింది. ఊరు పొంగిపోయింది. మార్కెట్ పెద్దలు మేడంకు సన్మానం చేస్తామని రోజు ఖాయం చేశారు. ఆమె మాత్రం విరిచి చూడటం మానలేదు. మోడల్ చెప్పినట్టే ఉత్తుత్తి అక్షరాలు పుట్టించి అసలువాటి పక్కన పెడితే, రెంటికీ పొంతనే లేదు. ఆ రెండు బ్యాక్టీరియాల్లోనూ ఏ, టీ అక్షరాలు ఎక్కువ. ఆ పోలికనే మోడల్ చుట్టరికం అనుకుంది. పాళ్ళు మారనిచ్చే మోడల్‌తో మళ్ళీ గీస్తే, అవి విడిపోయి చెరో వంశంలోకి వెళ్ళిపోయాయి.

సన్మానం ఆపించేస్తారనుకున్నాం. ఆమె వేదిక ఎక్కారు.

"మేం చెప్పింది తప్పు. గా రెండు అక్కచెల్లెండ్లు కావు. మన మట్టిల కొత్త వంశమని గొప్పగ చెప్పుకున్నం, గది నిలబడలే."

ఇన్నేళ్ళ పేరు ఒక్క మాటతో పోతుందని భయపడ్డాను. శాలువా పట్టుకున్న పెద్దాయన బిక్కమొహం వేసి, "మరి గీ శాలువ ఏం జేద్దాం మేడం?" అన్నాడు.

"తప్పు మనమే పట్టుకున్నం గద. గందుకు కప్పుర్రి."

మార్కెట్ యార్డంతా నవ్వులు, చప్పట్లు. అలాంటి మనిషి శిష్యురాలినని ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను.

మంగళవారం మార్కెట్ వాళ్ళు కొత్త శాలువా తెచ్చారు. చెల్లెలు వద్దంది. ల్యాబ్‌లో మేడం కుర్చీ మీద ఎప్పుడూ ఉండే ఆ సన్మానం నాటి పాతదాన్ని తెప్పించింది. పసుపు మరకలున్న ఆ శాలువానే కప్పి సాగనంపాం.