మౌలాలి గుట్ట మీద వాన

కంటి ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన కొన్నాళ్లకి మా అక్క మౌలాలి గుట్ట ఎక్కుతానంది. ఆమెది ఏ.ఎస్. రావు నగర్. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. బస్సు కిటికీలోంచి రోజూ ఆ గుట్టని చూసింది గానీ ఎన్నడూ ఎక్కలేదు.

"ఇన్నేండ్లు అంతా మసక మసకనే చూసిన. ఇప్పుడన్నా మంచిగ చూస్తనే" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తిని, ఇద్దరం బయల్దేరాం. మెట్లున్నాయి కదా, తేలికే అనుకున్నాను. సగంలోనే నాకు ఆయాసం వచ్చింది. అక్క పక్కనున్న బండకి చెయ్యి ఆనించి నిలబడింది.

"గుట్ట మొత్తం ఒక్కటే రాయానే?" అంది మెల్లగా.

పైన దర్గా. చెప్పులు విడిచి, వెనక వైపు బోడి బండ మీదికి నడిచాం. కింద రైలు పట్టాలు, మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, దూరంగా కాప్రా చెరువు. ఎటు తిరిగినా ఊరే. అక్క ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ హఠాత్తుగా ఆగిపోయింది.

"అగో, అదేందీ?"

చెరువు అవతల ఏదో బూడిదరంగు తెర. ఆమె కంటికే ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను. కానీ అది నాకూ కనిపిస్తోంది. వాన! మా మీద ఎండ కాస్తుంటే అక్కడ వాన నడిచొస్తోంది. చెరువు తెల్లబడి మాయమైంది. తర్వాత అక్క వాళ్ల కాలనీ. ఒక్కో వీధినీ మింగుతూ మా వైపే వస్తోంది.

"వానకి అంచుంటదని నాకు తెల్వదే" అంది అక్క. "పిల్లలకి ఎన్నిసార్లు చెప్పిన వాన గురించి!"

చల్లగాలి కొట్టింది. దర్గా దగ్గరున్న పెద్దాయన "అమ్మా, బండ జారుతది, లోపలికి రండి" అని కేకేశాడు. అక్క కదల్లేదు. కంట్లో నీళ్లు పడొద్దన్నాడు డాక్టరు. కొంగు ఆమె తల మీద కప్పి లాక్కెళ్లాను. మేం చూరు కిందికి చేరామో లేదో, వాన బండ మీదికి ఎక్కేసింది.

కాసేపటికి అది మమ్మల్ని దాటి సికింద్రాబాద్ వైపు సాగింది. అక్క ఫోన్ తీసి, అటువైపే చిలకలగూడలో ఉండే మా మరదలికి చేసింది.

"వాన మీ దిక్కే వస్తుంది. ఆరేసిన బట్టలు తీసెయ్."

"ఎండ మండుతుంది వదినా, ఎక్కడి వాన?"

"నాకు కనవడుతుందే" అంది అక్క, కళ్లు ఆ తెర మీంచి తిప్పకుండా.