అంచు నలిపి చూసే అత్త

పామేడు నుంచి మా మేనత్త వస్తోందంటే, సుక్మాలోని మా ఇంట్లో అందరం మంచి బట్టలు దాచుకునేవాళ్లం. గుమ్మంలో కాలు పెట్టగానే ఎవరు దొరికితే వాళ్ల బట్ట అంచును రెండు వేళ్లతో నలిపి, "ఏంది, ఇది ఇంకా పాతబడలే?" అనేది. వాడి వాడి మెత్తబడ్డ బట్టే తను కుట్టే బొంతకు పనికొస్తుందని, కొత్తది పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుందని ఆవిడ పట్టుదల.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన నాకు పాప పుట్టిందని తెలియగానే, బస్సులు మారి మరీ వచ్చింది. సంచిలోంచి బొంత తీసి మంచం మీద పరిచిందో లేదో, ఇల్లంతా గోల!

"అరె, ఇది నా గళ్ల లుంగీ గదా!" అన్నాడు నాన్న.

"నా పూల చీర పోయిందనుకుంటి గదా వదినా!" అంది అమ్మ.

ఓ మూల నా స్కూలు చున్నీ నీలంగా కనిపించింది. దొంగతనం బయటపడ్డా అత్త మాత్రం పకపకా నవ్వుతూనే ఉంది.

ముక్కలన్నీ వెతికాను. అందరివీ ఉన్నాయి, ఆవిడది లేదు.

"నీ చీర ఏది అత్తా?"

"పిచ్చిదానా, దారం ఎక్కడిదనుకున్నవు? నా పెండ్లి చీర అంచుకెల్లి ఒక్కో పోగు గుంజి కుట్టిన."

వేలితో తడిమాను. ఆ ఎర్రటి కుట్టు మా అందరి మీదుగా వరసగా సాగిపోయింది. నా కళ్లు చెమర్చేలోపే అత్త నా కొత్త చీర కొంగు పట్టుకుని నలిపింది.

"ఇది ఎప్పుడు పాతబడ్తది బిడ్డా? రెండో కాన్పుకు కావాలె గదా!"