కాలుతున్న బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెట్టాను

సహోదరులారా, సహోదరీలారా, నా చెయ్యి కాలుతుంటే ఆ సంగతి నాకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. నా సాక్ష్యం ఆ రోజుతోనే మొదలవుతుంది.

నా పేరు దేవసహాయం. మాది ప్రొద్దుటూరు. మా తాత కాలంలోనే మా కుటుంబం ప్రభువును నమ్ముకుంది. నేను పెద్ద చదువు చదవలేదు గాని మోటారు పని బాగా నేర్చుకున్నాను, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో పెన్న వైపు పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకుని లారీలూ బస్సులూ బాగుచేసేవాణ్ణి, అందులోనూ బ్రేకుల పని అంటే జమ్మలమడుగు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. భార్య మరియమ్మ, అప్పుడప్పుడే నడక నేర్చిన కూతురు రూతు. నాకేం తక్కువ అనుకునేవాణ్ణి!

పులివెందులలో వేరుశెనగ నూనె మిల్లు నడిపే ఒక పెద్దాయన మద్రాసులో ఎవరో జమీందారు దగ్గర అమెరికా కారు కొన్నాడు. ప్యాకార్డు అంటారు దాన్ని. పొడుగాటి ముక్కు, ముందు వెండిలా మెరిసే జాలీ, లోపల కొత్త పరుపు మీద కూర్చున్నట్టుండే మెత్తటి సీట్లు. అది వీధిలోకి వస్తే జనం అంగళ్ళు వదిలి బయటికి వచ్చి చూసేవాళ్ళు. అయితే దానికి వయసైపోయింది, బ్రేకు ఆయిలు కారిపోయేది, చక్రంతో తిరిగే ఇనుప డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే లైనింగులు అరిగిపోయాయి, తొక్కితే బండి ఒక పక్కకు లాగేది. అంత బరువైన బండి ఆగకపోతే ఏమవుతుందో ఆలోచించండి! దాన్ని నడిపే ఖాదర్ బాషా నాకు చిన్ననాటి స్నేహితుడు, ఒకరినొకరం మామా అనుకునేవాళ్ళం, ఆయనే కారును నా షెడ్డుకు తెచ్చాడు.

చక్రాలన్నీ ఊడదీసి, రబ్బరు వాషర్లు మార్చి, కొత్త లైనింగులు వేసి మేకుల్లాంటి రివెట్లు కొట్టి, గొట్టాల్లో గాలి లేకుండా ఆయిలు పట్టించాను. బ్రేకుల పనిలో కన్ను చూసేది కొంతే, మిగిలినదంతా వేలికొనలు చెప్పాలి. డ్రమ్ము లోపల గీర ఉందా, రివెట్టు తల పైకి లేచిందా, చక్రం తిప్పితే లైనింగు ఎంత రాసుకుంటోంది, ఇవన్నీ వేళ్ళకే తెలుస్తాయి. అప్పటికే నా ముంజేతి మీద ఒక పాలిపోయిన మచ్చ ఉండేది. పెట్రోలు వల్ల వచ్చిందిలే అనుకున్నాను. వేళ్ళు మొద్దుబారినట్టు ఉంటే, సుత్తి పట్టేవాడి చేతులు ఇంతే కదా అనుకున్నాను.

కారును పరీక్షించడానికి ఖాదరూ నేనూ ముద్దనూరు మీదుగా తొండూరు దారి పట్టాం. ఒక దిగుడు దిగుతుంటే ఖాదర్ ముక్కు ఎగబీల్చాడు.

"మామా, ఏందో మాడిన వాసన వస్తాంది."

బండి పక్కకు ఆపించి, జాకీ ఎత్తి, వెనక చక్రం ఊడదీశాను. డ్రమ్ము వేడెక్కిందేమో చూద్దామని అరచెయ్యి దాని మీద ఆనించాను.

"ఏం లేదప్పా, సల్లగానే ఉండాది" అన్నాను.

"ఓరి నాయనో, చెయ్యి తీయ్ మామా! కాలుతాంది, నీ చెయ్యే కాలుతాంది!"

ఖాదర్ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. నా అరచేతి తోలు డ్రమ్ముకు అంటుకుని ఉండిపోయింది. ఆ చక్రం బ్రేకును నేనే మరీ బిగించేశాను, దారి పొడవునా లైనింగు రాసుకుంటూ ఇనుము పెనంలా కాలిపోయింది, నా వేళ్ళు ఆ బిగువూ చెప్పలేదు, ఈ మంటా చెప్పలేదు! ఖాదర్ నా చేతి వైపు కాదు, నా ముఖం వైపు చూస్తున్నాడు.

"నీకు తెల్వలేదా మామా?"

"తెల్వలేదు ఖాదరూ."

ఆయన తాగే నీళ్ళు నా చేతి మీద పోసి, తలగుడ్డ చించి కట్టాడు. ఆ కట్టు బిగిస్తున్నా నాకు చిన్న చురుకు కూడా లేదు. చక్రం తనే బిగించి నన్ను మెల్లగా ఊరికి తీసుకొచ్చాడు.

జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, "దూదితో తాకుతాను, తాకిన చోట వేలు పెట్టి చూపించు నాయనా" అంది. నేను కళ్ళు మూసుకుని ఆమె ఎప్పుడు మొదలుపెడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె, "ఇంక కళ్ళు తెరువు" అంది. అప్పటికే చేతులు రెండూ తాకడం అయిపోయిందట సహోదరులారా!

"ఇది కుష్ఠు" అంది ఆమె మెల్లగా. "దీనికి ఇప్పుడు మందుంది, భయపడవద్దు. ఏండ్ల తరబడి మాత్రలు మింగాలి, మానకూడదు. రోగం నిలిచిపోతుంది. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం నేను చెప్పలేను."

ఇంటికి వచ్చి మరియమ్మకు చెప్పాను. సంగతి ఎట్లా పొక్కిందో గాని వీధంతా తెలిసిపోయింది, షెడ్డు స్థలం ఆసామి ఖాళీ చెయ్యమన్నాడు, పులివెందుల నుంచి పెద్దాయన కబురు పంపాడు, ఆ కారులో ఆడబిడ్డలు కూర్చుంటారు, ఇంక దేవసహాయం దాన్ని ముట్టగూడదు అని. పెండ్లిమర్రి నుంచి నా బావమరుదులు వచ్చారు. గడప తొక్కకుండా బయటే నిలబడి చెల్లెల్ని పిలిచారు. మరియమ్మ ఏడుస్తూ బిడ్డను ఎత్తుకుని పోయింది. రూతు వాళ్ళ మామ భుజం మీదనుంచి నా వైపు చేతులు చాస్తూ ఉంది, నేను దగ్గరికి పోలేదు. పోవడానికి నాకు ధైర్యం లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎవరి మీదా నింద వేయడానికి కాదు. మా ప్రార్థన గుడిలో నన్ను వసారాలో కూర్చోమన్నారు. కిటికీ కింద కూర్చుని లోపలి పాటలు వినేవాణ్ణి. అందరికీ రొట్టె పంచే ప్రభువు బల్ల రోజున నా ముక్కను ఒక ఆకులో పెట్టి నేల మీద ఉంచి వెనక్కి జరిగేవాళ్ళు. ఊరి బయట ఒక కొట్టంలో ఒంటరిగా ఉండేవాణ్ణి, అన్నం వండుకుంటే వేళ్ళు కాలేవి, గాజుపెంకు గుచ్చుకున్నా నెత్తురు చూసేదాకా తెలిసేది కాదు, ఒక చేతి వేళ్ళు రెండు మెల్లమెల్లగా లోపలికి ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. మాత్రలు మింగడం కూడా మానేశాను. ఎవరి కోసం మింగాలి?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఇక తిరిగి రాకూడదని పెన్నకు పోయాను. పెన్నలో నీళ్ళు లేవు. ఈ దరి నుంచి ఆ దరి దాకా ఇసుక. నాలాంటివానికి చావడానికి కూడా నీళ్ళు లేని దేశమా ఇది అని ఆ ఇసుకలో కూలబడి గట్టిగా అరిచాను. అది ప్రార్థన అనాలో తిట్టు అనాలో నాకు తెలియదు.

"ప్రభువా, నువ్వు కుష్ఠరోగుల్ని ముట్టినావంట, చిన్నప్పటి నుంచీ వింటాండా! నన్ను ముట్టేటోళ్ళు ఒక్కరూ లేరు. నువ్వొచ్చి ముట్టినా నాకు తెల్వదు గదా తండ్రీ! నాకు తెలిసేట్టు ఏదన్నా చెయ్యి, లేకుంటే నన్ను తీసుకొని పో!"

ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు. ఇసుక కాలుతోందని కూడా, మొద్దుబారిన అరికాళ్ళ మీద లేచిన బొబ్బలు చూస్తేనే తెలిసింది. ఏమీ తోచక లేచి కొట్టానికి తిరిగి వచ్చాను.

గుమ్మంలో మరియమ్మ కూర్చుని ఉంది! కాళ్ళ నిండా దుమ్ము, పక్కన చిన్న మూట. నేను దూరంగానే నిలబడిపోయాను.

"ఎందుకొచ్చినావు?" అన్నాను.

"నా ఇల్లు యాడుంటే ఆడికి రానా?"

"పాప యాడ?"

"మా అన్నోళ్ళు ఇయ్యలేదయ్యా." తర్వాత లేచి వచ్చి, నేను వెనక్కి జరుగుతున్నా వినకుండా నా చేతులు రెండూ పట్టుకుంది. తిప్పి తిప్పి చూసింది. "ఇన్ని పుండ్లు చేసుకున్యావా! మాత్రలు యాడ పెట్టినావు, ఇట్ల తే" అంది.

నేను అడిగినదానికి ఎక్కడో ఆకాశం నుంచి జవాబు వస్తుందని అనుకున్నాను, అది పెండ్లిమర్రి నుంచి నడిచి వచ్చింది. దేవునికే మహిమ!

అయితే కష్టం తీరిపోయిందని అనుకోవద్దు. ఆమె పత్తి మిల్లులో కూలికి పోయి, దూదిలో నుంచి గింజ ముక్కలూ చెత్తా ఏరి నన్ను పోషించింది. రాత్రయితే బిడ్డ పేరు పెట్టి గోడ వైపు తిరిగి ఏడ్చేది. నేను మళ్ళీ మాత్రలు మింగుతూ, ఏ పనీ చెయ్యలేని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

అట్లా ఉండగా ఒక ఉదయం ఆ పెద్ద కారు మా కొట్టం ముందుకు వచ్చి ఆగింది. ఖాదర్ దిగాడు. నేను సగంలో వదిలిన పని ఎవరెవరో చేశారట, ఇంకా పక్కకు లాగుతూనే ఉందట.

"మామా, పోయిన వారం దిగుట్లో బండి తిరిగి గుంతలోకి పోబోయింది. వెనక సీట్లో పిల్లోళ్ళు ఉండారు. నా పానం నిలువునా పోయింది. పెద్దాయనకు చెప్పే వచ్చినా, 'దేవసహాయం ముట్టగూడదు, చెప్తే చేయించుకో' అన్న్యాడు. నువ్వు చెప్పు, నేను చేస్తా."

మొదలుపెట్టాం. విప్పడం, బిగించడం ఖాదర్‌కు వచ్చు. డ్రమ్ము లోపల వేళ్ళు పెట్టి చూడమంటే మాత్రం, "అంతా నున్నగానే ఉండాది మామా" అంటాడు. స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాచిన చేతులు ఆయనవి. నాకేమో తెలిసే దారి లేదు. అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న మరియమ్మ కొంగు బిగించి వచ్చి, "జరుగు అన్నా" అని డ్రమ్ములో చెయ్యి పెట్టింది.

"ఈడ సన్నగా గీర తగుల్తాంది. ఆడ పల్లం ఉండాది. ఇదో, ఈ మేకు తల రవ్వంత పైకుండాది."

దూదిలో నలుసు పట్టే వేళ్ళు అవి! నేను చెబుతూ ఉంటే ఖాదర్ ఆ గీరను ఆకురాయితో రుద్దాడు, రివెట్టు తిరిగి కొట్టాడు, మరియమ్మ మళ్ళీ తడిమి చూసింది. చక్రం తిప్పి, "ఇంత రాసుకుంటాంది" అని ఆమె చెబితే, "ఇంకొంచెం వదులు చెయ్" అని నేను చెప్పాను. మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో ఆమె నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎంత కాలమైందో!

ముగ్గురం అదే దిగుడుకు పోయాం. ఖాదర్ నన్ను తన పక్క సీటులోనే కూర్చోబెట్టాడు, నేను వద్దన్నా వినలేదు. దిగుట్లో బ్రేకు గట్టిగా తొక్కాడు. అంత పెద్ద కారు అటూ ఇటూ లాగకుండా నేరుగా నిలబడిపోయింది. మరియమ్మ దిగి చక్రాల దగ్గర వేళ్ళు ఆనించి చూసి, "వెచ్చగా ఉండాది, అంతే" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వాకు మామా" అన్నాడు ఖాదర్, "బండి నిలబడింది గదా."

ఆ తర్వాత చిన్నగా పని మళ్ళీ మొదలైంది. మేము చేస్తామంటే రానివాళ్ళే ఎక్కువ, ఇప్పటికీ అంతే. రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాత ఒకసారి డాక్టరమ్మ నన్ను పరీక్షించి, నీ వల్ల ఇంక ఎవరికీ అంటదు అని కాగితం మీద వ్రాసి ఇచ్చింది. సంఘంలో నాకు లోపల చాప వేశారు. కొందరు పక్కకు జరిగారు, అయినా లోపలే కూర్చున్నాను.

డాక్టరమ్మ ఇచ్చిన ఆ కాగితం చూసే బావమరుదులు రూతును పంపారు. నా బిడ్డ పలకా బలపం పట్టే వయసుకు వచ్చింది, నన్ను గుర్తుపట్టలేదు. చూస్తే భయపడుతుందని నేను చేతులు తువ్వాలు కింద దాచుకుని కూర్చున్నాను. అది నా ముందుకు వచ్చి నిలబడింది.

"నాయనా, నీ చేతులు యాడ?"

బయటికి తీశాను. ముడుచుకుపోయిన వేళ్ళను ఊరికే చూసింది.

"నొప్పి పుడతాందా?"

"లేదు తల్లీ."

"అట్లయితే నాకు అన్నం కలిపి పెట్టు. ఆకలైతాంది."

మరియమ్మ పళ్ళెం తెచ్చి పెట్టింది. అన్నంలో నుంచి ఆవిరి లేస్తోంది. బిడ్డ నోరు కాలుతుందేమో నాకు తెలియదు గనుక, "చూడు మరియమ్మా, వేడి ఎట్లుండాదో" అన్నాను. ఆమె వేలు పెట్టి చూసి, "ఇంకొంచెం ఆగు" అంది. ఆగాను. ఆమె సరేనన్న తర్వాత కలిపి ముద్ద చేసి పెట్టాను. వంకర వేళ్ళ సందుల్లో నుంచి మెతుకులు రాలుతూనే ఉన్నాయి, బిడ్డ తింటూనే ఉంది.

సహోదరులారా, నా వేళ్ళకు స్పర్శ రాలేదు. పూర్తిగా బాగుపడ్డానని అబద్ధం చెప్పి దేవుణ్ణి గొప్ప చేయనక్కర లేదు, ఆయనకు నా అబద్ధంతో పని లేదు. నా భార్యను తిరిగి తెచ్చినందుకు, ఒక సాయిబు స్నేహితుణ్ణి నాకు సొంత అన్నలా ఉంచినందుకు, ఆ ముద్ద నా చేతితో పెట్టించినందుకు నేను బ్రతికినంత కాలం ఆయనకు కృతజ్ఞుణ్ణి. ఇది చదివే మీలో ఎవరైనా ఎండిపోయిన ఇసుకలో కూర్చుని ఉంటే, నోరు తెరిచి ఆయనను అడగండి, కోపంగానైనా అడగండి. అంతా బాగైన తర్వాత వచ్చి నమ్ముదామని ఆగవద్దు, సగంలో ఉన్నప్పుడే రండి. నేనూ ఇంకా సగంలోనే ఉన్నాను, ఆయన నన్ను విడిచిపోలేదు.