పిలిస్తే పలకని మనిషి

మా క్వార్టర్ల ఫోను గ్రూపు మొదట నీళ్ల కోసం పెట్టుకున్నది. కుళాయి ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో అందులో చెప్పుకునేవాళ్లం. బెంగాల్లోని ఈ రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లో, మా వీధి తెలుగువాళ్లంతా ఆ గ్రూపులో ఉన్నాం, కొన్ని బెంగాలీ కుటుంబాలు కూడా. దానికింత నోరుందని అప్పుడు తెలియదు.

మా వరసలో చివరి ఇంటి మామ్మ కొడుకు రైలు గార్డు, ఇంట్లో ఉండేదే తక్కువ. వీధిలో ఏ పిల్లకి జ్వరమొచ్చినా మామ్మే దిష్టి తీస్తుంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి, దారులు కలిసేచోట పారేసి రావాలి. వెనక్కి తిరగకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. శ్రీకాకుళం నుంచి మా తాతలతో పాటు రైలెక్కి వచ్చిన పద్ధతి ఇది.

ఓ సాయంత్రం జ్వరమొచ్చిన మా పాపకి మామ్మ దిష్టి తీసి, తలమీద కొంగు కప్పుకుని, పిడికిలి బిగించి వెళ్లింది. దారిలో ఎవరో వీడియో తీస్తూ "మాసీ, ఓ మాసీ" అని బెంగాలీలో, పిన్నీ అన్నట్టు, వెనక నుంచి పిలిచారు. ఆవిడ పలకలేదు.

మర్నాడు ఆ వీడియో మా గ్రూపులోకి వచ్చింది. ఛెలేధరా తిరుగుతోంది, పిల్లల్ని ఎత్తుకుపోతుంది, జాగ్రత్త అని బెంగాలీలో ఒక గొంతు. వీపే తప్ప మొహం కనిపించదు. నాకు ఒళ్లు మండింది. అది మన మామ్మ, మా పాపకి దిష్టి తీసింది అని రాశాను. పిడికిట్లో ఏముందో నువ్వు చూశావా అని ఒకరు. అసలు ఆ జ్వరం పెట్టిందెవరు అని ఇంకొకరు. తర్వాత చిల్లంగి అన్నారు, చేతబడికి మావైపు మాట అది. ఈ రాసినవాళ్ల పిల్లలందరికీ ఆవిడే ఉప్పు తిప్పింది. కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

వీధిలో ఎవరూ అరవలేదు, గొడవ పడలేదు. నాకు భయం వేసింది అందుకే. ఇంటింటా ఫోన్లు ఒక్కసారే టింగుమనేవి, ఆ వెంటనే తలుపులు వరసగా మూసుకునేవి. గోల్‌బజార్‌లో చేపలమ్మే బెంగాలీ దాదా ఆ వీడియో నాకే చూపించి జాగ్రత్త చెప్పాడు. అందులో ఇప్పుడు ఆవిడ చేతిలో ఒక సంచి ఉంది. ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో. తిరిగి వస్తుంటే మా మలుపులో నలుగురైదుగురు కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఇక ఆగలేక తిన్నగా మామ్మ ఇంటికే వెళ్లాను. గడియ తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వా అమ్మా, బేగి లోపలికి రా. ఎవత్తో తిరగతందట, పిలిస్తే పలకదట. ఫోన్లో మాట ఇన్నాను, బొమ్మ సూడ్నేదు. దొరికితే ఒగ్గకూడదు దాన్ని."

నా ఫోన్లో మిగిలిన వీడియో పెట్టి చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని చూసింది. తన వీపు తనెప్పుడు చూసుకుంది కనుక.

"ఇదేనేటి? దాని నడక సూడు, దొంగ నడక."

"అది నువ్వే మామ్మా. మా పాపకి దిష్టి తీసినావు కదా, ఆ రోజు."

మళ్లీ చూసింది. ఇంకోసారి పెట్టమంది. ఎవరో మాసీ, మాసీ అని పిలుస్తున్నారు, ఆ మనిషి ఆగకుండా పోతోంది. మామ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"మీ పాపని నానేటీ సేయనేదు కదమ్మా?" అని అడిగింది.