గంగయ్య పేరు మీద పోయిన మనిషి

సుశీలాబాయి పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు నోటితో పలికింది లేదు. మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచ తహసీలు కచేరీలో గుమాస్తా మరాఠీలో భర్త పేరు అడిగితే తల దించుకునేది. పక్కనున్న కూతురు శ్రావణి చెప్పేది. "బాపు పేరు చెప్తే నోరు కాల్తదా అవ్వా?" అని నవ్వేది.

ఆయన పేరు రాజలింగు. ప్రాణహిత ఒడ్డున వరి పొలం. పక్క మడులు తమ్ముడు సాంబన్నవి. ధాన్యం బస్తా ఒక్కడే భుజానికెత్తుకుని గట్లు దాటిన మనిషి, 2007 వానాకాలంలో అన్నం మింగుడు పడటం లేదన్నాడు. దసరా నాటికి గంజి తప్ప ఏదీ దిగలేదు. సిరోంచ డాక్టరు చంద్రపూర్ పంపాడు. చంద్రపూర్ వాళ్లు ముంబై పొమ్మన్నారు.

ముంబైలో పెద్ద క్యాన్సరు దవాఖాన ఎదుట ధర్మశాలలో చాప పరుచుకుని, కొళాయి దగ్గర వరుసలో నిలబడి, సుశీలాబాయి చలికాలమంతా గడిపింది. చివరికి ఒక డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని హిందీలో మెల్లగా చెప్పింది, ఇంటికి తీసుకుపొమ్మని. అప్పటికే రాజలింగు గొంతు పోయింది. గుసగుసగా మాట్లాడేవాడు.

రైల్లో బెర్తు దొరకలేదు. బల్లార్షాలో దిగాక కూడా సిరోంచకు అడవిరోడ్డు మీద బస్సులో కుదుపులు తప్పవు. ఏం చేయాలో తోచక ఊళ్లో వెంకటేశ్వర్‌కు ఫోన్ చేసింది. అతను వరసకు మరిది. బస్టాండు ఎదుట ఫోన్ సిమ్ములు, జెరాక్సుల కొట్టు పెట్టి, ఇంటర్నెట్ వచ్చాక టికెట్లు కూడా తీస్తున్నాడు.

"వదినా, అన్నను రైల్ల పడేసి తీసుకొస్తవా? ముంబైల ఇమానమెక్కుతే జరసేపట్ల హైదరాబాద్ల దిగుతరు. నా దగ్గర రెండు టికెట్లున్నయ్. రైలు కంటె జరంతే ఎక్కువ."

"అంత సస్తకు ఎట్లొస్తది?"

"కంపెనోళ్లు మస్తు ముందుగాల అగ్గువకు అమ్ముతరు. అప్పుడే కొని పెట్టుకున్న. గని పేర్లు వేరే ఉంటయ్, మార్చరాదు. గంగయ్య, లింగక్క అని. మన ఊరోళ్లే. కార్డులు నేను కొరియర్ల పంపుత. ఎవలడిగినా గవ్వే పేర్లు చెప్పుండ్రి."

"గాళ్లకు ఎర్కనేనా?"

"ఎర్కనే అనుకో. ఇంకో మాట. అన్నకు పానం బాగలేదని చెప్పకు. డాక్టర్ చిట్టి అడుగుతరు. చిట్టీల అన్న పేరుంటది, టికెట్ల గంగయ్య ఉంటది. పరేషానైతది."

గంగయ్యకు గానీ లింగక్కకు గానీ ఏమీ తెలియదు. సిమ్ము కోసం ఇచ్చిన ఓటరు కార్డులకు వెంకటేశ్వర్ ఇంకో ప్రతి తీసి దాచుకున్నాడు. ఆ పేర్ల మీద ముందుగా టికెట్లు కొనడం, అవసరం పడ్డవాళ్లకు అమ్మడం, కార్డు రంగు జెరాక్సులో ఫొటో మార్చి ప్లాస్టిక్ అట్ట వేయడం అతనికి అలవాటైపోయింది. అంతకుముందు ఇద్దరు ముగ్గురు అలాగే పోయి వచ్చారు, ఏమీ కాలేదు. చెడు చేస్తున్నానని అతననుకోలేదు. చావబోతున్న మనిషిని ఇంటికి చేరుస్తున్నాననే అనుకున్నాడు.

విమానం సంగతి చెబితే రాజలింగు కళ్లు మెరిశాయి. "పైకెల్లి మన పొలం కనవడ్తదా?" అన్నాడు.

"కనవడ్తదట" అంది సుశీలాబాయి. ఆమెకేం తెలుసు.

మెడకు మఫ్లరు చుట్టి, కొత్త చొక్కా తొడిగి, చంక కింద చెయ్యి వేసి నడిపించింది. విమానాశ్రయం తలుపు దగ్గర జవాను కార్డు చూశాడు, మొహం చూశాడు, పొమ్మన్నాడు. ఆమె చీర చెమటతో వీపుకు అంటుకుపోయింది. లోపల రాజలింగు కిటికీ పక్కన కూర్చున్నాడు. మబ్బుల మీదికి రాగానే ఆమె భుజం మీద తల ఆన్చాడు. నిద్ర పోతున్నాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. బేగంపేటలో దిగి అందరూ సామాన్లకు లేచినప్పుడు, "లే, వచ్చినం" అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది.

విమానంలోని అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. డాక్టరు వచ్చి చూసి లేచాడు. యూనిఫాం వేసుకున్న ఇంకొకామె కాగితం చూస్తూ అడిగింది.

"మీ భర్త పేరు గంగయ్యేనా అమ్మా?"

సుశీలాబాయి తలూపింది.

"నోటితో చెప్పాలమ్మా, రాసుకోవాలి."

"గంగయ్య" అంది. భర్త పేరు అడిగితే ఆమె జీవితంలో మొదటిసారి నోటితో ఇచ్చిన జవాబు అది.

తర్వాత ఒక పోలీసు జమాదారు వచ్చాడు. కఠినంగా మాట్లాడలేదు. "ఏం జబ్బుండె అమ్మా? దవాఖాన కాగితాలేమన్న ఉన్నయా?"

కాళ్ల దగ్గర సంచిలోనే ఉంది ముంబై ఫైలు. ప్రతి పేజీ మీద రాజలింగు పేరు.

"లెవ్వు సారూ."

"అయితే పోస్టుమార్టం జెయ్యాలె. ఎందుకు పోయిండో తెల్వకుంట శవాన్ని ఇయ్యరాదు."

ఆమె చెయ్యి సంచి మీదికి పోయింది. జిప్పు సగం లాగింది. దొంగ కార్డని తెలిస్తే జైలే. ఇంట్లో శ్రావణి పదో తరగతి పరీక్షలకు చదువుకుంటోంది, తండ్రి వస్తున్నాడని ఎదురుచూస్తోంది. జిప్పు మళ్లీ మూసేసింది. శవాన్ని తీసుకుపోయిన దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నంతసేపూ, లోపల ఏం చేస్తున్నారో తెలుస్తూనే ఉన్నా, ఆ సంచిని ఒళ్లో పెట్టుకునే ఉంది.

కబురందుకుని సాంబన్న వచ్చాడు. అంబులెన్సు కాళేశ్వరం రేవు దాకా తెచ్చింది. అక్కడి నుంచి పడవ. గాలికి గుడ్డ తొలగితే సాంబన్న ఛాతీ మీది కుట్లు చూశాడు.

"కోసిండ్రా? ఎందుకు కోసిండ్రు వదినా?"

సుశీలాబాయి తొలగిన గుడ్డను లాగి మళ్లీ కప్పింది.

దినాలు కాకముందే హైదరాబాద్ నుంచి సిరోంచ ఠాణాకు కబురొచ్చింది, గంగయ్య అనే మనిషి విమానంలో చనిపోయాడు, విచారించమని. సిపాయి లింగక్క ఇంటికి పోయి చెప్పాడు. గంగయ్య వెదురు కూలికి ఏటపల్లి దిక్కు పోయి ఉన్నాడు. అక్కడ ఫోను అందదు. హైదరాబాద్ ఎందుకు పోయాడని లింగక్క ఒక్కమాట అడిగింది, సిపాయికి తెలియదు. ఆమె నేల మీద పడి ఏడ్చింది. వాడకట్టు ఆడవాళ్లు చేరారు. ముసలివాళ్లు గాజులు పగలగొట్టి బొట్టు తుడిచేశారు. పొద్దు గూకే వేళ గంగయ్య భుజాన గొడ్డలితో బస్సు దిగి వచ్చి, తన వాకిట్లో జనాన్ని చూసి ఎవరు పోయారని అడిగాడు.

విమానంలో పోయింది ఎవరో ఊరికి తెలుసు. తెల్లారి లింగక్క ఉత్త చేతులతో సుశీలాబాయి గడపలోకి వచ్చి నిలబడింది.

"నీ మొగడు పోతె నా గాజులెందుకు పగలాలె?"

సుశీలాబాయి ఆమె కాళ్ల మీద పడబోయింది. లింగక్క వెనక్కి జరిగి వెళ్లిపోయింది.

వెంకటేశ్వర్ పరుగున వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "వదినా, జర గమ్మునుండు. పేరు తప్పు పడ్డదని ఏదోటి చేసి రాపిస్త. నువ్వు నోరిప్పుతే నా బతుకు పోతది. నీ మీద గూడ కేసైతది."

"అయితే గానియ్. ఆమె గాజులు నేను తెచ్చియ్యగల్గుతనా? నీ అన్న సచ్చిపోయిండని ఏ కాయిదంల లేదు వెంకటేశ్. ఆయన ఎటు పోయిండని చెప్పాలె నేను?"

ఫైలు చంకలో పెట్టుకుని ఠాణాకు నడిచింది. శ్రావణి వెంట వస్తానంటే వద్దంది. అక్కడి జమాదారు ఎదుట నిలబడి, ఎవరూ అడగకముందే చెప్పింది.

"సచ్చిపోయింది రాజలింగు. నా మొగడు రాజలింగు. గంగయ్య గాదు."

వెంకటేశ్వర్ కొట్టులో సొరుగు తీస్తే ఊళ్లో సగం మంది కార్డుల ప్రతులు బయటపడ్డాయి. అతన్ని తీసుకుపోయారు. బెయిలు మీద వచ్చాక మంచిర్యాల వెళ్లిపోయాడు, తిరిగి కొట్టు తెరవలేదు. అబద్ధపు పేరుతో ప్రయాణం చేసిందని సుశీలాబాయి మీద కూడా కేసయింది. ఆమెను అందరికంటే బాధపెట్టింది సాంబన్న. ఫైలు సంగతి విని ఇంటికి వచ్చాడు.

"కాయిదం సంచిల వెట్టుకోని మా అన్నను కోయిపిచ్చినవా?"

"భయమైంది సాంబన్నా."

అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు. మడికి నీళ్లు వదిలేటప్పుడు కూడా పలకరించేవాడు కాదు.

మరణపత్రం గంగయ్య పేరు మీదే ఉంది. అది మారనిదే పొలం సుశీలాబాయి పేరు మీదికి రాదు. కేసు తేలనిదే పత్రం మారదు. వాయిదాకు పిలిచినప్పుడల్లా నది దాటి, బస్సులు మారి హైదరాబాద్ పోయింది. కొన్నిసార్లు జడ్జి సెలవులో ఉండేవాడు. తాను బతికే ఉన్నానని చెప్పడానికి గంగయ్య కూడా రావలసి వచ్చింది. లింగక్క తోడుగా వచ్చింది. అదే పడవలో ఆ చివర కూర్చుని, దారి పొడుగునా సుశీలాబాయి వైపు చూడలేదు. కోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

2010 వానాకాలంలో తీర్పొచ్చింది. సుశీలాబాయి తప్పు ఒప్పుకుంది. జరిమానా కట్టి, కోర్టు లేచే దాకా అక్కడే ఉండమని శిక్ష వేశారు. బల్ల మీద కూర్చోమని బంట్రోతు చెప్పినా ఆమె నిలబడే ఉంది. పేరు సరిచేయమని జడ్జి ఉత్తర్వు రాసిచ్చాడు.

ఆ కాగితం కొంగులో కట్టుకుని కాళేశ్వరం చేరేసరికి గోదావరి నిండుగా పారుతోంది. పడవలు ఆపేశారు. అవతలి ఒడ్డున ఇల్లు, నారుమడి, ఒంటరిగా శ్రావణి. రేవులో సత్రం అరుగు మీద పడుకుని, రోజూ పొద్దున్నే వెళ్లి నీళ్లు చూసి వచ్చేది. వరద తగ్గి ఇల్లు చేరేటప్పటికి నారు ముదిరి పసుపుబారింది. సాంబన్న మడుల్లో నాట్లు అయిపోయాయి. సుశీలాబాయి కొంగు బిగించి బురదలోకి దిగి, నాటడానికి ఆ ముదురు నారే పీకసాగింది.