స్వీడన్ భాషలో మా వదినె పాట

ఆ స్వీడన్ కవయిత్రి మా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు దూలం తనంతట తానే జానెడు పైకి జరిగింది. అంత పొడుగు మనిషి. నమ్మనివాళ్లు కోరుట్ల వచ్చి దూలం చూసుకోవచ్చు. వాళ్ల దేశంలో ఆమె చలికాలానికొక కవిత రాస్తుందట. మిగతా కాలమంతా పరాయి భాషల పాటల్ని తన భాషలోకి మార్చి బతుకుతుందట. తెలుగు కూడా పాత పుస్తకాల్లోంచి నేర్చుకునే వచ్చింది. దుబాయి నుంచి తిరిగొచ్చి జీపు తోలుకుంటున్న నాకు ఆమెను ఊళ్లు తిప్పే పని దొరికింది.

వలసపోయిన మగవాళ్ల గురించి ఇంటి ఆడవాళ్లు కట్టుకున్న పాటలతో ఆమె పుస్తకం వెయ్యాలి. సిరిసిల్లలో సాంచె మగ్గాలు ఆగిపోయి నేతగాళ్లు భీవండి బాట పట్టిన వీధుల్లో తిరిగాం. జగిత్యాల పక్కన మస్కట్ వీసా కోసం పొలం అమ్ముకున్న ఇళ్లలో కూర్చున్నాం. స్వీడన్‌లో ఆమె తాత ఊళ్లో కూడా పంటలు పోయి, జనం తలుపులకు మేకులు కొట్టి ఓడలెక్కారట.

"రాళ్లు మాత్రమే మిగిలినవి," అంది.

"రాళ్లకు వీసా దొరకలేదేమో," అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకు జీపు హారన్ దానంతటదే మోగింది.

ఇన్ని ఊళ్లు తిరిగాక ఆమె మనసు మా వదినె పాట మీద పడింది. మా అన్న దుబాయి ఎడారిలో రోడ్లు వేస్తున్నాడు. వదినె ఒళ్లో చాట పెట్టుకుని, బీడీలు చుడుతూ, అతని మీద బతుకమ్మ పాట కట్టింది. బిడ్డ నడక నేర్చింది, సైకిల్ నేర్చింది, నువ్వు చూడనే లేదు అని అందులో సంగతి.

"ఈ పాట లేనిచో నా పుస్తకమునకు ప్రాణము లేదు," అంది కవయిత్రి.

"ఇస్త గని ఒక షరతు అక్కా," అంది వదినె. "నువ్వు మీ భాషల పాడితె మా కాళ్లు తిరగాలె. తిరగకపోతె నా పాట నాకు ఇడిచిపెట్టి పోవాలె." నావైపు తిరిగి, "మరిదీ, ఆమెకు సమజైందా?" అంది.

"అయింది వదినె. తెల్లటామె ఇంకింత తెల్లగైంది సూడు."

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం వాకిట్లో పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు నిలబడ్డారు. కవయిత్రి వదినె చీర కట్టుకుంది. అది ఆమె మోకాళ్లు దాటి కొంచెం కిందికి వచ్చి ఆగిపోయింది. కాగితం చూసి పాట మొదలుపెట్టింది. మొదటి చరణానికి అందరూ వంగారు. రెండో చరణానికి పక్కింటి గౌండ్లామె పాదం మా మేనత్త పాదం మీద పడింది. మూడోదానికి గుంపంతా ఒకచోట కుప్పపడింది.

"ఏందే గిది, జాతర బస్సుల నిలవడ్డట్టున్నది," అంది మేనత్త.

వదినె ఆగిపోయింది. "అక్కా, చరణం చివర ఉయ్యాలో ఏడవాయె?"

"ఆ పదమునకు ప్రత్యేకముగా అర్థము లేదని తొలగించితిని."

"అర్థం సంగతి పక్కన వెట్టు. అడుగేసేతందుకు జాగ గావాలె గదా. మేం చప్పట్లు కొట్టేది ఆడనే, ఊపిరి వట్టేది ఆడనే. గింత బాధ ఊపిరి వట్టకుంట చెప్పుకుంటె సచ్చిపోమా?"

కవయిత్రి కాగితం మడిచింది. మూటా ముల్లె సర్దుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కొంగు నడుముకు దోపి, కళ్లు మూసుకుని, చెంపకు చెయ్యి ఆనించి ఒక కూత పెట్టింది. అది వాకిట్లో పుట్టి, గోడలెక్కి, నీళ్ల ట్యాంకు దాటి పోయింది. కాసేపటికి కోరుట్ల బర్రెలన్నీ మేత విడిచి మా గల్లీలో వరసగా నిలబడ్డాయి. మెట్‌పల్లి బర్రెలు కొంచెం ఆలస్యంగా వచ్చాయి, దూరం కదా.

"గదేంది అక్కా?"

"మా అమ్మ చిన్నతనమున కొండలలో పెట్టిన కూత. దూరము పోయిన పశువులను ఇంటికి పిలుచునది."

వదినె గల్లీలో నిలబడ్డ బర్రెల వైపు చూసింది. తర్వాత, "ఉయ్యాలో ఉన్నకాడల్లా గదే వెట్టు," అంది.

ఇక చూడాలి. స్వీడన్ భాషలో ఒక చరణం, చివర కూత, దానికి ఆడవాళ్లందరి బదులు కూత, చప్పట్లు. కాళ్లు ఎంత గిర్రున తిరిగాయంటే కాసేపు మా వాకిలి దక్షిణం నుంచి తూర్పుకు మళ్లింది. ఆ ఊపులోనే వదినె అన్నకు ఫోన్ కలిపి మధ్యలో పట్టుకుంది.

"గిదేం లొల్లినే?" అన్నాడు అన్న.

"నిన్నే పిలుస్తున్నం. బర్రెలన్ని అచ్చినయ్, నువ్వే రాలె."

అన్న నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "పాస్‌పోర్టు కంపెని సేఠ్ తాన ఉన్నది గదా," అన్నాడు.

"సేఠ్‌కు గూడ ఇనిపియ్యి," అని వదినె ఫోన్ ఇంకా పైకెత్తింది. ఆడవాళ్లు ఇంకోసారి కూత పెట్టారు. అవతల ఎవరో అరబ్బీలో ఏదో అన్నారు, అన్న మళ్లీ నవ్వాడు.

పాటయ్యాక వదినె చెమట తుడుచుకుంటూ కవయిత్రి పక్కన కూలబడింది.

"తీస్కపో అక్కా, ఇచ్చిన. గని మా ఆయన అచ్చినంక ఇంకో చరణం కడత. గది గూడ బుక్కుల ఏస్తనంటెనే."

కవయిత్రికి ఇంకా ఆయాసం తగ్గలేదు.

"చివరి పుట ఖాళీగా ఉంచెదను," అంది.