మేడ్చల్ దారిలో ఎర్ర దీపం

మా కారుకు కంపెనీ ఇచ్చిన వారంటీ ఆ శనివారంతో ముగుస్తుంది. దాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించుకుందామని శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తూంకుంట నుంచి మేడ్చల్ బయల్దేరాను. మావారు క్యాంపులో ఉన్నారు. నా వెంట మా అత్తగారు. వారానికి మూడుసార్లు ఆవిడను డయాలసిస్‌కు ఈ దారినే తీసుకెళ్తాను. ఆ రోజు ఆసుపత్రి లేదు, హాయిగా పడుకోండి అంటే వింటేగా! "అందులో కూర్చునేది నేనే కదే అమ్మాయ్. వాళ్లేం చెబుతారో నేనూ వినాలి" అని ముందు సీట్లో ఎక్కేశారు.

నా భయమేమిటో చెప్పాలి. అంతకుముందు వారం ఆసుపత్రికి వెళ్తుంటే శామీర్‌పేట చెరువు దాటాక డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. లారీల మధ్య రోడ్డు చూసుకుంటూ నేను గమనించనే లేదు. చూసేసరికి హారన్ పీలగా మూలిగింది, బండి ఆగిపోయింది. ఊళ్లోంచి మెకానిక్ వచ్చి, కాలిన వైరు కోసి, అతికించి, టేపు చుట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే అత్తగారికి ఊపిరి అందడం లేదు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని డాక్టరు అక్కడితో ఆపేశాడు.

శామీర్‌పేటలో ఆగి ఇడ్లీ తిన్నాం. అత్తగారికి చట్నీ నిషేధం, ఉత్త ఇడ్లీయే. అక్కడే బస్సు కోసం నిలబడ్డ ఒకామె మూట చంకనెత్తుకుని వచ్చింది.

"అక్కా, బస్సు వస్తలేదు. మేడ్చల్ దాకా ఎక్కించుకుంటరా?"

ఎక్కించుకున్నాం. ఎందుకు పోతున్నామో చెబితే ఆశ్చర్యపోయింది. "వారంటీ ఉంటే ఇగ బండి ఆగదా?"

"ఆగుతుంది. ఆగితే బాగుచేసిస్తారు."

"ఆగినంక గదా!" అందామె.

అత్తగారు నా వైపు చూశారు. నేను గేరు మార్చే పని పెట్టుకున్నాను.

ఆమెను మేడ్చల్‌లో దింపి, పదిన్నరకు షోరూం చేరాం. అక్కడి ఉద్యోగి ఓపికగా చెప్పాడు.

"రెండు తీర్లు ఉంటయ్ మేడమ్. చిన్నది ఇంజనుకు, గేర్‌బాక్సుకే. పెద్దదాంట్ల స్టీరింగు, ఏసీ, కరెంటు సామాను గూడ వస్తయ్. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, గసొంటి అరిగేటియి రెండిట్ల రావు. గుద్దుకుంటే ఇన్సూరెన్సోళ్లు చూస్తరు, మేం గాదు."

ధర చూస్తే చిన్నదే ముద్దొస్తుంది. కానీ మా బండి ఆగింది ఇంజను వల్ల కాదు, వైరు వల్ల. పెద్దదే కావాలన్నాను. ముందు బండి చూడాలన్నాడు. బానెట్ ఎత్తాడు. నల్లటేపు చుట్ట అందరికంటే ముందు నాకే కనిపించింది.

"గిది బయట చేపిచ్చిండ్రా?"

"రోడ్డు మీద ఆగిపోయిందండీ. పక్కన పేషెంటు."

"సమజైంది మేడమ్. కానీ బయటోళ్లు చెయ్యి పెట్టిండ్రు గదా, గీ వైరింగ్ ఒక్కటి కవర్ల రాదు. పాత వారంటీల గూడ రాదు. మీ ఖర్చుతోని కొత్తది ఏపిస్తే అప్పుడు వస్తది. పార్టు రానీకి వారం."

"రేపే నా డయాలసిస్" అన్నారు అత్తగారు మెల్లగా.

పార్టుకు ఆర్డరిచ్చి, పెద్దదే తీసుకున్నాను. నా తర్వాత వెళ్లేవాళ్లకు ఒకటే మాట: ఏమేం రావో రాసిన పేజీ ముందు చదవండి. ఏది మీ బండిని ఇప్పటికే ఒకసారి ఆపిందో అది అందులో ఉందేమో వెతకండి. నేను ఇంజనుకు, గేర్లకు, ఏసీకి ధీమా కొన్నాను. నన్ను వణికిస్తున్న ఆ జానెడు వైరుకు మాత్రం దొరకలేదు.

ఒంటిగంటకు తిరుగు ప్రయాణం. ఏసీ వేస్తే బ్యాటరీ మీద బరువని అద్దాలు దించుకున్నాం. చెరువు దగ్గర పడేకొద్దీ ఎదురుగా లారీలు, నా కళ్లేమో మాటిమాటికీ డ్యాష్‌బోర్డు మీదికి. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచే పోయింది. ప్రాణం పోయినంత పనైంది.

అత్తగారు బెల్టు వదులు చేసుకుని నా వైపు ఒరిగారు.

"ఆ ఎర్ర దీపం ఎక్కడ వెలుగుతుందే?"

వేలితో చూపించాను.

"సరే, దాన్ని నేను చూస్తుంటాను. నువ్వు రోడ్డు చూడు."

తూంకుంట వచ్చేదాకా ఆవిడ రెప్ప వేయలేదు. మర్నాడు పొద్దున ఆసుపత్రికి బయల్దేరినప్పుడు, నేను తాళం తిప్పకముందే కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.